ఓడిపోయిన ఎంపీ ఇప్పించిన ఎగ్జిట్

నేను అక్షరాలు నేర్చుకున్నది సౌదీలోని ఉనైజాలో, నలభై దాటాక. ఖర్జూరం తోటలో మా గదిలోనే ఉండే గుంటూరు స్టోర్‌కీపర్ నేర్పాడు. ఆయన్ను మాస్టారు అనేవాళ్లం. సొంతంగా నేను రాసిన మొదటి పెద్ద ఉత్తరం నా భార్యకు కాదు, మా ఎంపీకి.

యుద్ధం పుణ్యమా అని యెమెన్ కూలీలు వెళ్లిపోయారు. చెట్టెక్కేవాళ్లు కరువయ్యారు. ఊళ్లో తాటిచెట్లు ఎక్కినవాణ్నని మా కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న తోట యజమాని, దగ్గర గొప్పలు చెప్పుకున్నది నేనే. ఎందుకు ఎక్కేవాణ్నో మాత్రం చెప్పలేదు. ఇంకేముంది, ఒప్పందం ముగిసినా నా పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉండిపోయింది. ఇంటికి పోవడానికి ఆయన వేయించాల్సిన ఎగ్జిట్ ముద్ర అడిగితే "బుక్రా" అనేవాడు, అంటే రేపు. ఆ రేపు ఏడు నెలలు నడిచింది. నేను వచ్చాక పుట్టిన బిడ్డకు అప్పటికి నాలుగేళ్లు. ఫొటోలో తప్ప దాని ముఖం చూడలేదు.

"ఎంపీకి రాయవయ్యా. ఓట్లేసి పంపింది దేనికి?" అన్నాడు మాస్టారు.

"మా ఎంపీ ఎవరో నాకే ఎర్కలేదు సార్."

"క్యా కాకా! ఓటేసినవ్, పేరు ఎర్కలేదా?" అని హైదరాబాదు డ్రైవరు భాయ్ పడీపడీ నవ్వాడు.

గుర్తు చూసి ముద్ర గుద్దినవాడికి పేరెలా తెలుస్తుంది? పైగా మా తాలూకా కథ అలాంటిది. జిల్లా కచేరి ఒకవైపు, పార్లమెంటు నియోజకవర్గం ఇంకోవైపు. ఒకసారి హద్దులు మార్చి మమ్మల్ని పక్కదాంట్లో కలిపారు. పాత ఎంపీ మేము తనవాళ్లం కాదన్నాడు. కొత్త ఎంపీ మేమింకా పాతాయన మనుషులమే అనుకున్నాడు. గెలిచాక ఏ ఒక్కడూ మా ఊరు తొక్కలేదు. బోరింగు మీద ఒకరి పేరు, బడిగోడ మీద ఇంకొకరి పేరు ఉండేవి. రోడ్డు మీద ఎవరి పేరూ లేదు, ఎందుకంటే రోడ్డే లేదు.

చివరికి పచ్చడి సీసాకు చుట్టి వచ్చిన పేపరు ముక్కలో మా ఎంపీ పేరు దొరికింది.

"మహారాజశ్రీ అని మొదలుపెట్టవయ్యా," అన్నాడు మాస్టారు.

"రాజైతే నేను ఓటెందుకేస్త సార్?"

నా మాటల్లోనే రాశాను: "నేను మీ ఓటరును. ఇక్కడ పని మంచిగ చేస్తున్న. మంచిగ చేస్తున్నందుకే పంపుత లేరు."

రెండు నెలలకు జవాబొచ్చింది. పచ్చడి పేపరు మేమనుకున్నదానికంటే పాతది. ఆయన ఎన్నికల్లో ఓడిపోయాడట. కాగితం పైన అచ్చేసిన "పార్లమెంటు సభ్యుడు" అన్న మాటను పెన్నుతో కొట్టేసి, కింద ఇలా రాశాడు: "ఓడిపోయాక నాకొచ్చిన మొదటి అర్జీ మీదే. వదిలిపెట్టను." కఫీల్‌కు ఇంగ్లిషులో ఇంకో ఉత్తరం జతచేశాడు. దాని మీదా అదే కొట్టివేత.

భాయ్ ఆ ఉత్తరం పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని కఫీల్ దగ్గరికి వెళ్లాడు. ఇద్దరి మధ్యా అరబ్బీ మాటలు అటూ ఇటూ మోసింది ఆయనే.

"ఎవరీయన?" అన్నాడు కఫీల్.

"వీళ్ల షేక్," అన్నాడు భాయ్, కళ్లార్పకుండా.

"తెగలో ఎంతమంది?"

భాయ్ నా వైపు చూశాడు. "పది లక్షలుంటరు," అన్నాను.

ఒరిగి కూర్చున్న కఫీల్ సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. తర్వాత కొట్టివేత మీద వేలు పెట్టాడు. "ఇదేమిటి?"

భాయ్ నా కాలు తొక్కాడు. నాకు అబద్ధం నోట రాదు. "ఓడిపోయిండని చెప్పు భాయ్."

"సత్యానాశ్ చేస్తున్నవ్ కాకా!" అని గొణిగి, తెగవాళ్లే ఆయన్ను పెద్దరికం నుంచి దింపేశారని చెప్పాడు.

నా ఎగ్జిట్ అక్కడితో పోయిందనుకున్నాను. కఫీల్ ఉత్తరం ఎత్తి వెలుగులో పెట్టి చూశాడు.

"దింపేశాక కూడా వీళ్ల మనిషి కోసం తన చేత్తో రాశాడా? అయితే ఇంకా ఈయనే షేక్. షేక్ అడిగితే కాదని నా పరువు తీసుకోమంటావా? ఇన్ని నెలలు ఈ మాట చెప్పకుండా ఏం చేశావు?" అని నన్నే తిట్టి, లేచి బీరువా తెరిచాడు.

వారంలో ఎగ్జిట్ పడింది. రెండు ఖర్జూరం డబ్బాలిచ్చాడు. పెద్దది షేక్‌కు, చిన్నది నాకు.

తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో డబ్బాలతో మా గడప ముందు నిలబడ్డాను. నాలుగేళ్ల పిల్ల తలుపు చాటు నుంచి నన్ను కిందికీ మీదికీ చూసి, లోపలికి కేకేసింది:

"అమ్మా, ఓట్లడిగేటోళ్లొచ్చిండ్రు!"