ఆదివారం పొద్దుటి చేంజ్ రిక్వెస్టు

మొన్న ఆదివారం ఆరాధనలో మొదటి పాట సగంలో ఉండగా, పక్కన కూర్చున్న నా మేనకోడలి సంచిలో ఫోను సన్నగా వణికింది. ఆమె తెర వైపు ఒక్క చూపు చూసి, నాకూ కనబడేలా తిప్పి, మళ్లీ సంచిలో పడేసి పాట అందుకుంది. ఆ వారం ఓడల పట్టిక మారిందని, అంతా సరిగ్గా ఉందని ఆఫీసు కంప్యూటరు తనంతట తాను పంపిన కబురు అది. ఒకప్పుడు నేను చేసిన ఉద్యోగమే ఇప్పుడు ఆమె చేస్తోంది. నేను చేసిన రోజుల్లో పదకొండేళ్లపాటు ఆరాధనలో మొదటి పాట విని ఎరగను. పోర్ట్ బ్లెయిర్‌లో పని ముగించుకుని, బస్సు పట్టుకుని, తుష్నాబాద్‌లో మా మందిరం మెట్లెక్కే వేళకు కాపరిగారు ఆశీర్వాదం చెబుతూ ఉండేవారు.

ఓడ టిక్కెట్టు కోసం కౌంటరు ముందు మనుషులకు బదులు చెప్పులు వరుసలో నిలబడిన కాలం నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ టిక్కెట్లు కంప్యూటర్లోకి వచ్చిన కొత్తలో నన్ను ఆ విభాగంలో వేశారు. నడుస్తున్న కంప్యూటర్లో ఏ చిన్న మార్పు చేయాలన్నా ముందు ఒక కాగితం రాయాలి. ఏం మారుస్తున్నాం, ఎందుకు మారుస్తున్నాం, చెడితే వెనక్కి ఎలా తెస్తాం అన్నీ అందులో ఉండాలి. దాన్నే చేంజ్ రిక్వెస్టు అనేవాళ్లం. ముగ్గురు అధికారులు సంతకం పెట్టాకే కీబోర్డు మీద చేయి వేయాలి. పద్ధతి మంచిదే, కాని మాకు వారం వారం వచ్చే మార్పు ఒక్కటే. రాబోయే వారం ఏ ఓడ ఏ రోజు బయలుదేరుతుంది, అందులో రోగుల కోసం ఏ బెర్తులు ఆపి ఉంచాలి, అంతే. కౌంటర్లు మూసి ఉండేది ఆదివారం పొద్దుటే కనుక అది అప్పుడే చేయాలి. పోయిన వారం కాగితం ముందు పెట్టుకుని, తేదీలు మార్చి, మిగతాదంతా అలాగే దించేయడం మాకు అలవాటైపోయింది.

నాకు ఇంకో అలవాటు కూడా ఉండేది. కాగితం రాయడం అయ్యాక దాని మీద అరచేయి ఆన్చి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేదాన్ని. ఏ పనికైనా ముందు ప్రభువు సెలవు అడగాలని సండే స్కూల్లో మా అమ్మమ్మ నేర్పింది. అమ్మమ్మ మౌనంగా అడగమంది, నేను నలుగురూ కూర్చున్న బల్ల దగ్గర, వినబడేలా అడిగేదాన్ని. నేను ఆమెన్ అనే వరకు ఆ ముగ్గురూ టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా రానిచ్చేవారు కాదు. ఆ వెంటనే కలాలు బయటికి వచ్చేవి. మా పెద్ద ఆఫీసరు ఈ దీవుల్లోనే పుట్టి పెరిగిన హిందీ ఆయన. "దీదీ దువా కర్ దియా, అబ్ పఢ్నా క్యా!" అంటూ, అక్క ప్రార్థన చేసేశాక ఇక చదివేదేముందని నవ్వుతూ సంతకం పెట్టేవాడు. అది విన్నప్పుడు నాకు లోలోపల గర్వంగా ఉండేది. మనుషులు చూడాలని ప్రార్థించేవాళ్ల గురించి వాక్యంలో ఎంత గట్టి హెచ్చరిక ఉందో పిల్లలకు చెప్పే మనిషినే, ఆ గర్వాన్ని మాత్రం గుర్తుపట్టలేదు.

ఆ రోజుల్లోనే మా విభాగంలో చేరిన ఇంజనీరమ్మాయి, వారం వారం ఒకేలా ఉండే ఈ పనిని కంప్యూటరుకే అప్పగిద్దామని అడిగింది. యంత్రానికి మనస్సాక్షి ఉంటుందా అని నేనే అడ్డుపడ్డాను. ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

ఒక వారం విశాఖ వెళ్లే పెద్ద ఓడ మరమ్మతుకు పోయి, దాని బదులు చిన్న ఓడ వచ్చింది. నేను ఓడ పేరు మార్చాను గాని బెర్తుల నంబర్లు పాతవే దించాను. పెద్ద ఓడలో ఆ నంబర్లన్నీ కింది బెర్తులు, చిన్న ఓడలో పైవి. ప్రార్థన అయింది, సంతకాలు అయ్యాయి. ఓడ కదిలే రోజు పొద్దున జెట్టీ నుంచి మా సంఘంలోని చిన్నమ్మ ఫోను చేసింది. సొంత చిన్నమ్మ కాదు గాని, వరస కలుపుకుని పిలిచేదాన్ని. ఆమెకు వెన్నెముక జబ్బు, కాలు అడుగెత్తు కూడా లేవదు. విశాఖలో ఆపరేషనుకు రోజు ఇచ్చారు, ఆ ఓడ తప్పితే మళ్లీ ఓడ మూడు వారాలకు.

"పైన ఇచ్చారే అమ్మా, నిచ్చెన ఎక్కమంటన్నారు. నానెలా ఎక్కుతానే?" అని ఆమె ఏడుస్తుంటే నేను ఆ వారం కాగితం తీసి చూశాను. నా చేతిరాత, నా తప్పు. కింది బెర్తులన్నీ అమ్ముడైపోయాయి.

గోల్ ఘర్ కూడలిలో ఆటో ఎక్కి జెట్టీకి వెళ్లి, బతిమాలుకుని ఓడలోకి వెళ్లాను. చిన్నమ్మ నిచ్చెన పక్కన తన మూట మీద కూలబడి ఉంది. కింది బెర్తులో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే అడిగాను. ఒకాయన టిక్కెట్టు తీసి నా ముఖం ముందు ఆడించాడు. ఒకావిడ దుప్పటి మొహం మీదికి లాక్కుంది. మూడో బెర్తులో శ్రీకాకుళం వైపు ఊరికి వెళ్తున్న చేపల వేటగాడు ఒకడు చుట్ట నములుతూ నా మాటలన్నీ విన్నాడు.

"నువ్వే రాసినావా ఆ నంబర్లు?"

"నేనే బాబూ."

"సదూకున్నోళ్లు గదమ్మా, మరి సూడకుండా రాసేసినారు," అని పకపకా నవ్వి, పక్క చుట్టేసుకున్నాడు. "పడవలో తొంగునేవోడికి పైనేటి, కిందేటి? రా చిన్నమ్మా, ఎక్కు. ఈ కిందది నీదే, నాను పైకెక్కుతాను."

ఓడ సైరను వినబడే వరకు జెట్టీ మీద నిలబడ్డాను.  ఆ రోజు ప్రార్థనలో మాటలు రాలేదు, స్తోత్రం ఒక్కటే వచ్చింది.

మర్నాడు తప్పుల రిజిస్టరులో కారణం అన్నచోట "చదవకుండా దించాను" అని రాశాను. పెద్ద ఆఫీసరు అది చదివి, ఈసారి నిజంగానే చదివి, "మేమూ చదవకుండానే పెట్టాం దీదీ, మా ముగ్గురి పేర్లు భీ లిఖో," అని వాటినీ రాయమన్నాడు. నేను వెళ్లి ఇంజనీరమ్మాయి బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏ వారమూ మారని పనిని కంప్యూటరుకు అప్పగించి, దానికి ఒక్కసారే అనుమతి తీసుకున్నాం. ఓడ మారితే ఆ ఓడ పటం చూసి కింది బెర్తులను కంప్యూటరే ఏరుకుంటుంది. ఎక్కడ పొసగకపోయినా ఆగిపోయి మనిషిని పిలుస్తుంది. అలా పిలిచిన కాగితాలు ఏడాదికి నాలుగో అయిదో వచ్చేవి, వాటిని నలుగురమూ అక్షరం అక్షరం చదివేవాళ్లం. నా ఆదివారాలు నాకు తిరిగి వచ్చాయి. ఆపరేషను చేయించుకుని వచ్చిన చిన్నమ్మ పక్కనే కూర్చుని చాలా ఏళ్లు పాటలు పాడాను.

ఇప్పుడు అలాంటి తప్పు జరగదు, ఎవరూ జెట్టీకి పరుగెత్తనక్కరలేదు. అందుకు నాకు ఎంత నిశ్చింతో చెప్పలేను, ఆ పాత కాగితాలు మళ్లీ రావాలని ఒక్కనాడూ కోరుకోలేదు. అయితే ఆఫీసులో ఉన్నన్నేళ్లలో నేను రాసిన బెర్తు మీద పడుకునే మనిషిని చూసింది ఆ ఒక్క పూటే. ఇప్పటి వాళ్లకు ఆ ఒక్క పూట కూడా ఉండదు. ఆ వేటగాడి పేరు నేను అడగలేదు. ఆ నాటి ప్రయాణికుల జాబితాలో ఉండే ఉంటుంది, ఆఫీసులో అడిగితే క్షణంలో వెతికి ఇస్తారు. అడగలేదు. విశాఖ ఓడ కదిలే రోజుల్లో, మా ఇంట్లో, తలుపు వేసుకుని, పై బెర్తు వాడు అని మాత్రమే చెప్పి ప్రార్థిస్తాను. వినేవాడికి అతనెవరో తెలుసు.