మంచుజోళ్ళతో నాలుగో ఆదివారం

సొలాంజ్ బెర్జెరాన్ ఇరవై మూడేళ్ళుగా సాంత్-ఓడిల్ ఊరి బడిబస్సు నడుపుతోంది. తుఫానులో దారి కళ్ళెదుటే మాయమైపోయినా, పక్కనున్న స్తంభాల ఆనవాలు పట్టుకుని పిల్లలందరినీ ఇళ్ళకు చేర్చిన మనిషి. కానీ రోడ్డు దిగి మంచులో నాలుగడుగులు వేసిన అలవాటు మాత్రం ఆమెకు లేదు. నవంబరు మొదలు ఏప్రిల్ దాకా ఇంటి గుమ్మం నుంచి బస్సుకు, బస్సు నుంచి గుమ్మానికి. అంతే ఆమె నడక.

యాభై ఆరో ఏట డాక్టరు రక్తపరీక్ష కాగితం ముందు పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"షుగరు ఇలాగే ఉంటే వసంతంలో మీ బస్సు లైసెన్సు మీద నేను సంతకం పెట్టలేను. మందు వేసుకోండి, రోజూ నడవండి."

"ఈ చలిలో ఎక్కడ నడిచేది డాక్టరుగారూ?"

"మంచులో కాలు దిగబడకుండా మంచుజోళ్ళు కట్టుకుని అడవిలో నడవండి. మీ ఆడపడుచుగారు ఈ వయసులోనూ నడుస్తున్నారు కదా!"

ఆ మాటే సొలాంజ్‌కు ముల్లులా గుచ్చుకుంది. ఆడపడుచు రెజాన్‌కు అరవై తొమ్మిది. పెళ్ళయిన నాటి నుంచి సొలాంజ్ వండిన బఠానీ సూపుకూ, కుట్టిన కర్టెన్లకూ, పెంచిన పిల్లలకూ వంక పెడుతూ వచ్చిన మనిషి. కానీ మొగుడు నోర్మాన్ ఆ సాయంత్రమే అక్కకు ఫోను చేసి చెప్పేశాడు. ఆదివారం పొద్దున్నే రెజాన్ ఒక జత చంకన పెట్టుకుని దిగింది. చేటంత వెడల్పున్న అల్యూమినియం చట్రాలు, కింద ఇనప పళ్ళు.

పెరట్లో మొదటి పాఠం. సొలాంజ్ నాలుగడుగులు బాగానే వేసి, పక్కకు తప్పుకుందామని వెనక్కి కాలు పెట్టింది. జోడు తోక మంచులో గుచ్చుకుంది. వెల్లకిలా పడింది.

"బస్సుకున్న రివర్సు గేరు దీనికి లేదే తల్లీ!" రెజాన్ పడీపడీ నవ్వింది. "తిరగాలంటే ముందుకే నడుస్తూ చుట్టు తిరుగు. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టు. పెళ్ళికూతురిలా ఏమిటా నడక?"

వంటింటి కిటికీలోంచి నోర్మాన్ చూస్తున్నాడు. సొలాంజ్ పళ్ళు బిగించి లేచింది. రెండో ఆదివారం మైలు నడిచింది, మూడో ఆదివారం రెండు మైళ్ళు. ఒగర్పు తగ్గలేదు గానీ పడటం తగ్గింది.

నాలుగో ఆదివారం సరస్సు అవతలి గట్టున ఉన్న రెజాన్ చెక్క ఇంటికి బయల్దేరారు. ఫిబ్రవరి నెల, సున్నాకు ఇరవై రెండు డిగ్రీల కింద చలి. రెండు రోజుల కిందటే మోకాలి లోతు కొత్త మంచు పడింది. గట్టు వెంట అడవిలో వెళితే గంటన్నర నడక. రెజాన్ గడ్డకట్టిన సరస్సు మీదికి దారి తీసింది.

"గట్టు మీదుగా వెళదాం వదినా. మీరేమీ అనుకోకపోతే…"

"ఐసు రెండడుగుల మందం ఉందే పిరికిదానా. కావాలంటే నీ బస్సు ఎక్కించుకో. రా."

సొలాంజ్ వెనకాలే నడిచింది. ముందు రెజాన్, ఆమె కాళ్ళకు తండ్రి చేతులతో చేసిన పాత జోళ్ళు, గట్టికర్ర వంచి పచ్చితోలు అల్లినవి. ఇరవై అడుగుల వెనక సొలాంజ్. సగం దూరం పోయారో లేదో, కాళ్ళ కింద మంచు ఉస్సురని కుంగిన చప్పుడైంది. రెజాన్ నిలువునా మోకాళ్ళ దాకా దిగబడిపోయింది. ఆమె చుట్టూ తెల్లని మంచు మెల్లగా బూడిదరంగుకు తిరిగింది. నీళ్ళు.

సరస్సు నోరు తెరిచిందనుకుంది సొలాంజ్. వెనక్కి అడుగు వెయ్యబోయి, చివరి క్షణంలో ఆపుకుంది.

"రావద్దు! అక్కడే ఆగు!" రెజాన్ అరిచింది. "ఐసు పగల్లేదు. కొత్త మంచు బరువుకి ఐసు కుంగి నీళ్ళు పైకొచ్చాయి. కాలు తీసుకుంటా, ఉండు."

కానీ కాలు రాలేదు. పైకి లాగిన కొద్దీ, జోడుకు అంటిన తడిమంచు గాలి తగిలీ తగలగానే గడ్డకట్టి దిమ్మలా బరువెక్కుతోంది. మూడుసార్లు లాగి ముందుకు తూలింది. ఈసారి ఆమె గొంతులో దర్పం లేదు.

"సొలాంజ్… నా కాళ్ళు తెలియడం లేదే."

సొలాంజ్ చేతికర్రను మంచులో గుచ్చింది. పొడిగా వచ్చింది. ఒక అడుగు వేసి మళ్ళీ గుచ్చింది. పొడే. ముందుకు గుచ్చితే కొన తడిసి వచ్చింది. ఎడమవైపు జరిగి గుచ్చుతూ, పొడిమంచు అంచు పట్టుకుని రెజాన్‌కు చేరువగా వచ్చి, బోర్లా పడుకుని పాకింది. జోళ్ళ పట్టీలు రాయిలా బిగుసుకుపోయాయి. చేతి తొడుగులు తీసేసి గోళ్ళతో పీకింది, నోటి ఆవిరి పట్టింది. కదల్లేదు. సంచిలోంచి రొట్టె కోసే చాకు తీసింది.

"కొయ్యకే! అవి మా నాన్న చేసినవి!"

"నోర్మూసుకో! నాన్న జోళ్ళు కావాలా, నీ కాళ్ళు కావాలా?"

ముప్ఫై ఏళ్ళలో ఆమె రెజాన్‌ను 'నువ్వు' అనడం అదే మొదలు.  పట్టీలు తెగాయి. సొలాంజ్ ఆమె చంకల కింద చేతులు వేసి పొడిమంచు మీదికి లాగింది. జోళ్ళు నీళ్ళలోనే ఉండిపోయాయి.

బూట్లు ఒంపితే నీళ్ళు కారాయి. సొలాంజ్ తన మఫ్లరుతో ఆ పాదాలు తుడిచి, తన ఊలు చేతితొడుగులను కాలివేళ్ళకు ఎక్కించి, రొట్టె ప్లాస్టిక్ సంచులు పైన చుట్టి, మళ్ళీ బూట్లలోకి తోసింది. కారు వదిలి వచ్చిన చోటు దూరం. చెక్క ఇల్లు దగ్గరే గానీ, సరస్సుకు అడ్డంగా పోతే ఇంకెక్కడ నీళ్ళున్నాయో తెలియదు.

"పక్క గట్టెక్కి అడవిలోంచి ఇంటికి పోదాం," అంది సొలాంజ్. "నేను తొక్కుతా. నేను తొక్కిన చోటే కాలు పెట్టు."

గట్టు చేరాక అసలు కష్టం మొదలైంది. జోళ్ళు లేని మనిషి అడవి మంచులో తొడల దాకా దిగిపోతుంది. అందుకని సొలాంజ్ అడుగు పక్కన అడుగు, ఖాళీ లేకుండా తొక్కుతూ దారి చేసింది. అయినా పది అడుగులకోసారి రెజాన్ దిగబడుతూనే ఉంది. లేపడం, నాలుగడుగులు, మళ్ళీ లేపడం. తొడుగుల్లేని చేతులు కోటు చేతుల్లోకి లాక్కుంది సొలాంజ్. ఒంట్లో వణుకు పుట్టింది. చలి వణుకా, షుగరు మందు వేసుకుని ఏమీ తినని వణుకా? గడ్డకట్టిన హామ్ శాండ్‌విచ్‌ను నడుస్తూనే కొరికింది, సగం రెజాన్ నోట్లో పెట్టింది.

ఇంటి కప్పు చెట్ల సందున కనబడుతుండగా రెజాన్ కూర్చుండిపోయింది.

"నువ్వెళ్ళి పొయ్యి వెలిగించు. నేనిక్కడ కాసేపు కూర్చుని వస్తా. ఇప్పుడు చలి కూడా వెయ్యడం లేదు."

చలి తెలియకపోవడమే ప్రాణం మీదికి వచ్చిన గుర్తని సొలాంజ్‌కు తెలుసు.

"లే! ఇన్నేళ్ళలో ఒక్క పిల్లనీ దారిలో దింపెయ్యలేదు నేను. నిన్ను దింపుతానా? లే, ముసలిదానా!"

కోటు కాలరు పట్టుకుని లాగింది. రెజాన్ తిడుతూ లేచింది. ఆ తిట్లు వింటుంటే సొలాంజ్‌కు ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లో పొయ్యి రాజుకోగానే రెజాన్ కాళ్ళు మంట దగ్గర పెట్టబోయింది. మొద్దుబారిన కాళ్ళు కాలినా తెలియదని సొలాంజ్ పట్టుకుని వెనక్కి లాగి, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో పెట్టించింది. వేళ్ళు కొవ్వొత్తి మైనంలా ఉన్నాయి. పావుగంట తరవాత రక్తం తిరగడం మొదలైంది. తల్లి పోయినప్పుడు కూడా నలుగురిలో కన్నీరు పెట్టని రెజాన్ బల్ల అంచు పట్టుకుని బావురుమంది.

"ఏడవండి వదినా," అంది సొలాంజ్ ఆమె వీపు నిమురుతూ. "గట్టిగా ఏడవండి. నొప్పి తెలుస్తోందంటే కాళ్ళు బతికున్నట్టే."

చలికి ఆగిపోయిన సొలాంజ్ ఫోను వేడికి ప్రాణం పోసుకుంది, నోర్మాన్‌కు కబురందింది. మూడింటికల్లా నోర్మాన్ మంచుబండి వేసుకుని గట్టు వెంట వచ్చాడు.

ఆసుపత్రిలో రెజాన్ ఎడమకాలి చిటికెన వేలు కొస తీసేశారు. మిగతావి దక్కాయి. మార్చిలో చర్చి హాలు విందులో ఆమె పక్కవాళ్ళతో అంటుండగా సొలాంజ్ చెవిన పడింది: "మా నాన్న జోళ్ళు ముక్కలు చేసి పారేసింది, తెలుసా?" సొలాంజ్ సూపు వడ్డిస్తోంది. తనను కాపాడిన మాట కూడా చెబుతుందేమోనని గరిటె పట్టుకుని నిలబడింది. ఆ మాట రాలేదు. సొలాంజ్ పళ్ళెం నింపి పక్క బల్లకు పోయింది. 

కానీ నడక మానలేదు. తరవాతి ఆదివారం ఒంటరిగా సరస్సు దాకా పోయింది. ఐసు మీద కాలు పెట్టలేదు. గట్టు వెంట సగం చుట్టి వచ్చింది. ఏప్రిల్లో డాక్టరు కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

డిసెంబరులో తొలి మంచు గట్టిపడిన రోజు రెజాన్ వచ్చింది. చేతిలో తనకని కొనుక్కున్న అల్యూమినియం జోళ్ళ కొత్త జత. సరస్సు దగ్గర దారి చీలిన చోట ఇద్దరూ ఆగారు. రెజాన్ పక్కకు తప్పుకుంది. సొలాంజ్ అడవి దారి పట్టి ముందు నడిచింది.

"మెల్లగా పోవే," వెనక నుంచి కేక వినిపించింది. "ఇక్కడ తొమ్మిదిన్నర వేళ్ళతో నడుస్తున్నా!"