అత్త కాలూ, అత్త మిషనూ

మా ఇంట్లో కుట్టు మిషన్ బిగుసుకుపోయిందని తెలిసిన రోజు నేను సంతోషంతో కేక పెట్టాను. మిషన్ చెడిపోతే సంబరపడే పిచ్చిమనిషి ఎక్కడైనా ఉంటుందా అంటే ఉంది, నేనే. ఎందుకో చెప్పాలంటే ముందు మా అత్త కాలి గురించి చెప్పాలి.

మాది తోటపల్లి గూడూరు దగ్గర, ఉప్పుగాలి తగిలే ఊరు. చుట్టూ సగం వరి, సగం రొయ్యల గుంటలు. ఊళ్లో ఆడవాళ్ల జాకెట్లన్నీ చాలాకాలం మా అత్తే కుట్టింది. టేపు ముట్టుకోదు. మనిషిని పైకీ కిందికీ ఒకసారి చూసి, "పోయినేటికీ ఇప్పటికీ లావైనావు మే" అని మొహం మీదే చెప్పి, సరిగ్గా సరిపోయేట్టు కుట్టి ఇచ్చేది. అందుకే ఆమె దగ్గరికి రావాలంటే సగంమందికి భయం, రాకుండా ఉండాలంటే ఇంకా భయం.

మిషన్ ఆమె కాపురానికొచ్చిన కొత్తలో కొన్నది. నల్లటి ఒళ్లు, దాని మీద బంగారు రంగు పూలు, చెయ్యి తగిలే చోటల్లా అవి చెరిగిపోయి ఉంటాయి. కింద ఇనుప పలక, దాన్ని రెండు కాళ్లతో తొక్కాలి. మోటారు బిగిద్దామని మా ఆయన ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు. "కరెంటుకు నా మనసులో మాట ఏం తెలస్తాది? నా కాలికి తెలస్తాది" అనేది.

అలాంటి కాలు, రెండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున పడిపోయింది. పక్షవాతం. నెల్లూరు ఆసుపత్రిలో పెట్టి, ఇంటికి తీసుకొచ్చాం. చెయ్యీ మాటా తొందరగానే దారికొచ్చాయి. మాట ఇంకొంచెం ఆలస్యంగా వచ్చినా నష్టం లేదని నేను ఒకటి రెండుసార్లు అనుకున్న మాట నిజం. ఎడమ కాలు మాత్రం మొండికేసింది. మంచం పక్కన కాలకృత్యాలకు చిల్లు కుర్చీ వేశాం. ఊరందరికీ కొలతలు చెప్పిన మనిషి, ఆ కుర్చీలో కూర్చోబెట్టమని నన్ను అడగాల్సి వచ్చినప్పుడల్లా గోడ వైపు చూసి అడిగేది.

కసరత్తులు నేర్పడానికి వచ్చినమ్మాయి ఒక రబ్బరు పట్టీ ఇచ్చి, దాన్ని పాదానికి తగిలించుకుని రోజూ లాగమంది. "పనీపాటా లేకుండా కాలూపుకుంటా కూసునేదానికి నేనేమన్నా ఉయ్యాల్లో బిడ్డనా?" అని అత్త దాంతో పెరట్లో బచ్చలి తీగ కట్టించింది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ మరుసటి వారం ఆమే మిషన్ ముందు కూర్చోబెట్టమని అడిగింది. సూదిలో దారం తీసేసి, ఊరికే తొక్కడం మొదలుపెట్టింది. కుడికాలు తొక్కుతుంటే ఎడమకాలు దాని వెంట వేలాడుతూ పోయేది. వంటింట్లో ఉన్న నాకు చప్పుడుతోనే సంగతి తెలిసేది. మొదట్లో అది కుంటుతూ వచ్చేది. పోనుపోను రెండు కాళ్ల చప్పుడూ సమానమైంది. ఒకరోజు "దారం ఎక్కించు మే" అంది. ఆ రోజు కుట్టిన దిండు గలేబు ఇప్పటికీ వంకరగానే ఉంది, దాన్ని నేను పారేయనివ్వను.

ఆ తర్వాత చేతికర్రతో గడప దాటింది, పెరట్లోకి పోయింది, పక్కింటి అరుగు దాకా పోయి అక్కడ ఎవరు లావయ్యారో చెప్పి వచ్చింది. చిల్లు కుర్చీని మేం అటక మీదికి ఎక్కించాం. "మిషన్ తొక్కినన్నాళ్లూ నా కాలు నా మాట ఇంటాది" అని ఆమె నమ్మకం. డాక్టరు మాటకంటే దాన్నే నమ్మింది, నేనూ నమ్మాను. నేను రొయ్యల కంపెనీలో పనిచేస్తాను. మా ఆయనకు కృష్ణపట్నం పోర్టులో షిఫ్టులు. ఆమె లేచి తిరుగుతున్నదన్న ధైర్యంతోనే నేను మళ్లీ కంపెనీ బండి ఎక్కగలిగాను.

పోయిన ధనుర్మాసం చలిలో ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి మిషన్ మీద పాత చీర కప్పి ఉంది. అత్త మంచం మీద ఉంది. కుట్టబుద్ధి కాలేదంది. మర్నాడూ అదే మాట. తర్వాత పెరట్లోకి పోవడం మానేసింది. పక్కింటామె పిలిస్తే నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంది. నాకు కోపం ఆగదు. "మూతి ముడుచుకుని పడుకుంటే కాలు దానంతటదే నడుస్తాదా? ఇంత కష్టపడి తెచ్చుకున్నది పోగొట్టుకుంటావా?" అని అరిచాను. ఆమె బదులు చెప్పలేదు. మా ఇంట్లో నేనొక మాటంటే ఆమె నాలుగు అనడం ఆనవాయితీ. ఆ మౌనంతో నా కోపమంతా భయమైపోయింది. రెండు రోజుల తర్వాత గోడ వైపు తిరిగి, "అటక మీద కుర్చీ దించు మే" అంది.

ఆ రాత్రే కుర్చీ దించి మంచం పక్కన వేశాం. డాక్టరు దగ్గరికి పోదామంటే ఆమె మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

ఆదివారం నాకు సెలవు. క్యారియరు సంచి పట్టీ ఊడిపోతే రెండు కుట్లు వేసుకుందామని మిషన్ మీద చీర తీశాను. దారం ఎక్కించి, పలక మీద కాళ్లు పెట్టి తొక్కాను. కదల్లేదు. బలం పెట్టి తొక్కాను. ఊహూఁ. చేత్తో చక్రం తిప్పి చూస్తే, ముదురు పాకంలో గరిటె తిప్పినట్టు కొంచెం తిరిగి ఆగిపోయింది. నావి రెండూ మంచి కాళ్లే. అప్పుడు నాకు తట్టింది. సంచి అక్కడే పారేసి కేక పెట్టాను.

"అత్తా! నాకూ తిరగలా! మిషనే బిగుసుకుపోయుండాది! నీ కాలు కాదు!"

ఆమె మంచం మీద నుంచి నన్ను చూసింది. కళ్లల్లో ఆశ కనబడింది, వెంటనే దాన్ని దాచేసుకుంది. "నాకోసరం నాటకాలాడబాక మే" అంది.

ఒట్టు పెట్టినా నమ్మలేదు. రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్న మా ఆయన్ను లేపుకొచ్చాను. ఏం జరిగిందో తెలియక ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చి, నేను తొక్కమంటే మిషన్ ముందు కూర్చున్నాడు. మనిషి భారీ మనిషి. ఒక్క తొక్కు తొక్కేసరికి తోలు బెల్టు ఫట్‌మని తెగి ఆయన మోకాలి కింద తగిలింది. "అమ్మా!" అని కాలు పట్టుకున్నాడు.

"నీకూ తిరగలేదా నాయనా?" అంది అత్త, కొడుకు కాలి సంగతి పట్టించుకోకుండా.

"యాడ తిరగతాదిమా? రాయి మాదిరి ఉండాది."

అత్త ముందు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అప్పుడు బయటపెట్టింది. "ఒకరోజు కాలు వస్తాది, ఒకరోజు రాదు. పొద్దున రాంది పైటాలకు వస్తాది. నరం చచ్చేముందు అట్టనే చేస్తాదని ఆసుపత్రిలో పక్క మంచమామె చెప్పింది. తర్వాత రావడమే మానేసింది. మీకు చెప్తే మళ్లీ నెల్లూరికి ఎత్తుకపోతారని గమ్మునున్నా."

ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లను చాలామందిని చూశాను. మద్దెల నిజంగానే ఓడైతే తన కాలిని తిట్టుకుని మంచమెక్కిన మనిషిని మా అత్తనే చూశాను. ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే నాలుగు తిట్టాను. ఈసారి ఆమె ఎనిమిది తిట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మిషన్ తలను వెనక్కి వంచి అడుగున చూశాం. కీళ్లన్నింటికీ గోధుమరంగు జిగురు, అందులో దారప్పోగుల నూగు కూరుకుని ముద్దలు కట్టి ఉంది. వేలితో గీకి వాసన చూశాను. కర్పూరం, వావిలాకు. నేను రోజూ పొద్దున అత్త కాలికి మర్దన చేసే నూనె. నువ్వుల నూనెలో వావిలాకు వేసి స్వయంగా నేనే కాచేది. మర్దన అయ్యాక గిన్నె అడుగున మిగిలేదాన్ని నేను వంటింట్లోకి పోగానే ఆమె మిషన్ బొక్కల్లో పోస్తూ వచ్చింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె పైకప్పు వైపు చూసింది.

"దానికీ వయసైపోయింది గదా. నా కాలిని లేపిన నూనె దాన్ని లేపదా అనుకున్నా" అంది.

తిట్టబోయి మానుకున్నాను. తనకు మంచి చేసింది మిషన్‌కు కూడా పెట్టింది, అంతే కదా. ఆ నూనె రోజులు గడిచేకొద్దీ జిగురైంది. చలి పొద్దున గట్టిపడేది, ఎండెక్కితే కాస్త సడలేది. ఆమె కాలికీ చలిలో పొద్దున బిగువే. రెండూ ఒకేసారి మొరాయిస్తే పాపం ఏది ఎవరి తప్పో ఆమెకెలా తెలుస్తుంది.

కిరసనాయిలు దొరకడం ఇప్పుడు గగనం. పడవలున్న వాళ్లింట్లో అడిగి ఒక సీసాలో తెచ్చాను. పాత పళ్ల బ్రష్షుతో, జడపిన్నుతో కూర్చుని కీలు కీలూ కడిగాను. మంచం మీద నుంచి అత్త, "ఆడ కాదు, దాని కింద" అంటూ పెత్తనం చేసింది. మా ఆయన బెల్టుకు కొత్త పిన్ను బిగించాడు. తుడిచి, ఎండలో ఆరబెట్టి, అసలు మిషన్ నూనె వేశాక చక్రం వేలితో తోస్తే తిరిగింది. అత్త చేతికర్ర పట్టుకుని వచ్చి కూర్చుంది. ఇన్నాళ్లూ కదలక ఎడమ కాలు కొంచెం వెనకబడి ఉంది. అయినా తొక్కింది. చప్పుడు మళ్లీ కుంటుతూ మొదలైంది, నాకు మాత్రం అంత మంచి చప్పుడు ఇంకోటి లేదనిపించింది. మా ఆయన కుర్చీని మళ్లీ అటకెక్కించాడు.

పాత మిషనే కదా, ఇప్పటికీ అప్పుడప్పుడు పట్టేస్తుంది. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, బాబిన్ దగ్గర దారం చిక్కుకుంటుంది. మొన్న పొద్దున నేను క్యారియరు కడుతున్నాను. బయట కంపెనీ బండి హారన్ కొడుతోంది. లోపల మిషన్ చప్పుడు సమంగా సాగుతూ సాగుతూ ఠక్కున ఆగిపోయింది. నా చేతిలో గరిటె ఆగింది.

"నేను కాదు మే, దారం తెగింది!" అని లోపల నుంచి అత్త అరిచింది. "నువ్వు పొయ్యి బండెక్కు."