జాకీ మీద బిగించిన బోల్టు

మా బావ బోల్టు బిగిస్తుంటే పని మానుకుని నిలబడి చూసేవాళ్లు ఉన్నారు. బావ అంటే మా అక్క మొగుడు. నాందేడ్‌లో భోకర్ రోడ్డు మీద గ్యారేజీ పెట్టుకుని పికప్ బండ్ల కింది పని చేస్తాడు. బండి బరువు మోసే కమాన్ పట్టీలు ఎక్కించేది, వాటికి బుష్‌లు వేసేది పనివాళ్లు. చివరి బిగింపు మాత్రం ఉస్తాద్ చేతిదే అయి ఉండాలి. అది ఆ గ్యారేజీ ధర్మం. పనివాళ్లు పక్కకు జరుగుతారు. ఆయన బనియన్ పైకి లాక్కుని, పానాకు బారెడు ఇనుప పైపు తొడిగి, ఒక కాలు టైరుకు ఆనించి, "జై భవానీ" అని గుంజుతాడు. బోల్టు కిర్రుమంటుంది. "క్యా బాత్ హై ఉస్తాద్!" అని చుట్టూ నిలబడ్డ డ్రైవర్లు అంటారు. వీళ్లకు ఇంట్లో పెళ్లాం పిల్లలు ఉండరా, పొద్దున్నే వచ్చి ఒకడు బోల్టు తిప్పుతుంటే నోరు తెరుచుకుని చూడటానికి?

ఇదంతా బండి జాకీల మీద ఉండగానే. కోళ్ల దుకాణంలో వేలాడదీసిన కోళ్లలాగా చక్రాలు గాల్లో వేలాడుతూనే ఉంటాయి.

గాల్లో బిగించకూడదు. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు. పట్టీ కొసన ఒక కన్ను ఉంటుంది, అందులో రబ్బరు బుష్, దాని నడుమ నుంచి బోల్టు. బండిని పైకెత్తితే పట్టీ కిందికి వంగుతుంది. అప్పుడు బిగిస్తే రబ్బరు ఆ వంకరలోనే పట్టుబడిపోతుంది. జాకీ తీయగానే బండి బరువుకు పట్టీ సాగుతుంది, బోల్టు వదలదు, మధ్యలో రబ్బరు మెలి తిరుగుతుంది. బండి నిలబడ్డా మెలే, నడిచినా మెలే. కొన్నాళ్లకు చిరుగుతుంది. ఆ తర్వాత బోల్టు లొడలొడలాడుతుంది, ఇరుసు జరుగుతుంది, బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు గుంజుతుంది. అందుకని బోల్టును చేత్తో తిప్పి వదిలేసి, బండిని కిందికి దించి, చక్రాల మీద నిలబెట్టి, రెండుసార్లు ఊపి, అప్పుడు బిగించాలి. నా బండి కొత్తగా ఉన్నప్పుడు షోరూమ్ సర్వీసులో ఇలా చేయడం చూశాను. ఒక్కసారి చూస్తే ఎద్దుకైనా అర్థమవుతుంది. మా బావకు కాలేదు, లేదా కాలేదని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

బుష్‌లు చిరిగిన బండ్లు మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన రబ్బరు ముక్క చేతిలో పట్టుకుని పంచాయతీ పెద్దలాగా తల ఊపేవాడు. "రోడ్లు గిట్లుంటే నా బుష్ ఏం జేస్తది?" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడు అనడం అంటే ఇదే. సిగ్గు లేకపోతే ఎంత సుఖం!

మరి నువ్వెందుకు చెప్పలేదంటారా? ఆయన బావ, నేను బామ్మర్దిని. మా దిక్కున బామ్మర్ది అంటే పెళ్లినాటి నుంచి పాడె దాకా బావ ఎగతాళి చేయడానికి పుట్టినవాడు. పైగా నా పికప్ పని ఆయన పైసా తీసుకోకుండా చేస్తాడు. ఊరికే చేసిన పనికి వంక పెట్టడమంటే పెట్టిన అన్నంలో రాయి చూపించడమే. పోనీ ఇంకో గ్యారేజీకి తీసుకుపోదామా అంటే, అది ఆయన చెంప మీద కొట్టినట్టు. ఆయన అలిగితే ఏం జరుగుతుందో నేను ఒకసారి చూశాను. మా ఇంట్లో దావత్‌కు ఆయనకు వేయాల్సిన నల్లి బొక్క, అదే మూలుగ ఎముక, పొరపాటున వేరే చుట్టం విస్తట్లో పడింది. అంతే. ఒక దసరా నుంచి ఇంకో దసరా దాకా మా అక్కను మా గడప తొక్కనివ్వలేదు. బొక్క కోసం!

నాకు ఉన్నది ఆ అక్క ఒక్కతే. మా నాన్న రైల్వే నౌకరీ మీద నిజామాబాద్ దిక్కు నుంచి ఇక్కడికి వచ్చాడు. నాన్న పోయాడు, అమ్మ పోయింది. అమ్మ మాట, అమ్మ తిట్టు, అమ్మ నవ్వు ఇప్పుడు అక్క దగ్గరే ఉన్నాయి. ఆదివారం బజారు చేసుకుని, కూరగాయల సంచితో మా ఇంటికి వచ్చి, వంటింట్లో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. మా ఆవిడ పచ్చడికి వంక పెడుతుంది. నా పొట్ట చూసి, "మీ బావకు పోటీకి వస్తున్నవా?" అంటుంది. ఆ పూట నాకు పండగే. అక్క రాని ఏడాది ఎలా గడిచిందో నాకు తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను.

నోరు మూసుకున్నాను గానీ నా బండిని చంపుకోలేదు. బావ బిగించిన ప్రతిసారీ "మస్తుంది బావా" అని పొగిడి, భోకర్ దారిలో ఒక ధాబా ముందు చదునైన జాగా చూసుకుని ఆగేవాణ్ణి. గోనెసంచి పరుచుకుని, బండి కింద దూరి, ఆయన బోల్టులన్నీ వదులు చేసి, బండిని ఊపి, మళ్లీ బిగించేవాణ్ణి. నా బుష్‌లు చెక్కు చెదరలేదు. ఫలితం ఏమైందంటే, బావ నా బండిని నలుగురికీ చూపించడం మొదలుపెట్టాడు. "మా బామ్మర్ది బండి జూడుండ్రి. ఇన్నేండ్లాయె, కిర్రుమన్నదా?" సొమ్మొకడిది, సోకొకడిది. నేను పక్కన నిలబడి పళ్లికిలించేవాణ్ణి. నా మీద నాకే ఉమ్మి వేయాలనిపించేది.

ఇలాగే నడిచిపోయేదేమో. మా అక్క కొడుకు ఒక పాత పికప్ కొన్నాడు. బట్టల వ్యాపారులను, వాళ్ల మూటలను ఎక్కించుకుని మాండవి సంతకు తిప్పడానికి మాట్లాడుకున్నాడు. కిన్వట్ దాటితే అడవి, మలుపులు, ఎదురుగా ఏ లారీ వస్తుందో తెలియదు. వెనక మూటల మీద మనుషులు. ఆ బండికి బావ పట్టీలు, బుష్‌లు అన్నీ కొత్తవి వేయించాడు. మర్నాడు పొద్దున పూజ చేసుకుని అక్కడి నుంచే సంతకు బయల్దేరాలి. ముందురోజు నేను వెళ్లేసరికి బండి జాకీల మీదే ఉంది. బావ పైపు తొడిగి, "జై భవానీ" అంటున్నాడు. కొడుకు బండి కదా, మామూలుకంటే గట్టిగా గుంజాడు. జనం చప్పట్లు కొట్టారు.

మేనల్లుణ్ణి పక్కకు పిలిచాను. "అల్లుడా, రేపు దారిల ఒక్కపారి ఆపు. ఇప్పి, బండి నిలవెట్టి బిగిద్దాం."

"బాపు బిగించినంక నువ్వేం జూస్తవ్ మామా?" అని నవ్వి వెళ్లిపోయాడు. తండ్రి పోలికే! ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది.

ఇక మిగిలింది అక్క. గ్యారేజీ వెనకే వాళ్ల ఇల్లు. అక్క వంటింట్లో జొన్నపిండి కలుపుతోంది. ఇంకెవరూ లేరు.

"అక్కా, బావకు నువ్వన్న జెప్పు. పోరని బండి బోల్టులు గాల్లనే బిగించిండు."

అక్క తల ఎత్తలేదు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"గాల్ల బిగియ్యొద్దని. ఆయనకు గూడ తెలుసు రా. కడుపు పట్టది." అక్క గొంతు తగ్గించింది. "బండి కిందికి దించితే ఆయన దూరనీకి రాదు. ఒకసారి దూరి ఇరికిండు. షట్టర్ ఏసినంక నేనే కాళ్లు వట్టి గుంజిన. పనోళ్లతోని బిగిపిస్తే ఉస్తాద్ పనైపాయె అంటరని భయం. ఎవ్వరికి జెప్పకు."

మొదట నవ్వు వచ్చింది. ఇన్నేళ్లూ నేను ఆయన్ను తెలివితక్కువవాడని తిట్టుకుంటూ వచ్చాను. తెలివి ఉంది, కడుపే అడ్డం! అంత కడుపు కోసం ఊరందరి బండ్లకూ రబ్బర్లు చింపుతున్నాడు. వెంటనే కోపం వచ్చింది.

"ఎరికె ఉండి సప్పుడు జేయవా? రేపు ఆ బండ్ల పోయేది నీ కొడుకే!"

"నేను జూసుకుంట తమ్మీ. రేపు పదిమంది ముంగట ఆయన ఇజ్జత్ తియ్యకు. నీకు దండం వెడుత."

"ఏం జూసుకుంటవ్? మొగుని ఇజ్జత్ ఎక్కువాయె, కొడుకు పానం తక్కువాయె నీకు. అసలు నువ్వు తల్లివేనా?"

పిండిలో అక్క చేయి ఆగిపోయింది. నా వైపు చూసింది. చాయ పెట్టనా అని కూడా అడగలేదు. "ఇంటికి పో," అంది. బావ మీద ఉన్న అసహ్యం అప్పుడు నాకు అక్క మీద కూడా పుట్టింది. ఛీ, ఈ ఇల్లంతా ఒకటే తీరు అనుకుంటూ బయటికి వచ్చాను.

మర్నాడు బండికి బంతిపూల దండ వేశారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. బావ తెల్ల చొక్కా వేసుకుని, ఇనుప పైపుతో బండికి ప్రాణం పోసింది తానే అన్నట్టు నిలబడ్డాడు. మూటలు ఎక్కించారు. వ్యాపారులు ఎక్కడానికి తయారుగా ఉన్నారు. అక్క పళ్లెంలో కొబ్బరి ముక్కలు పట్టుకుని నిలబడి ఉంది. మేనల్లుడు తాళంచెవి తీశాడు. నేను అతని చేతిలోంచి తాళంచెవి లాక్కుని జేబులో వేసుకున్నాను. నా బండిలోంచి పానా తెచ్చి, గోనెసంచి పరిచి, కింద దూరాను.

"అరే, హే పావ్ణే కాయ్ కర్తాయ్త్?" అని ఒక వ్యాపారి అడిగాడు, ఈ చుట్టం ఏం చేస్తున్నాడని.

"ఏయ్ బామ్మర్దీ! ఎల్లు బయటికి!" బావ కాళ్లు మాత్రమే నాకు కనిపిస్తున్నాయి.

నేను పానా తగిలించాను. ఆయన గుంజిన బోల్టు వదలడానికి ప్రాణం పోయింది. చివరికి టక్కుమని వదిలింది. లోపల రబ్బరు మెలి విప్పుకుంది. అందరి ముందు బండి ఆ పక్కకు వేలెడు కుంగింది. రెండో పక్క కూడా వదిలాను, అదీ కుంగింది. కిందనే పడుకుని, "రెండుపార్లు ఊపుండ్రి!" అని అరిచాను. వ్యాపారులు బండిని పట్టుకుని ఊపారు. ఒక్కొక్కటిగా బిగించాను. పైపు లేదు, భవానీ లేదు. బిగువు ఎంత కావాలో అంతే.

బయటికి వచ్చేసరికి బట్టల నిండా మట్టి. ఇక అయిపోయింది, అక్కకూ నాకూ రుణం తీరిపోయింది అనుకున్నాను. ఇక అక్కను పంపనన్న మాట బావ నోటి నుంచి వస్తుందని ఎదురుచూశాను. బావ చుట్టూ చూశాడు. జనం కుంగిన బండిని చూస్తున్నారు. గొంతు సవరించుకున్నాడు.

"నేనే జెప్పిన వానికి," అన్నాడు గట్టిగా. "లోడు ఎక్కినంక ఒక్కపారి ఇప్పి బిగియ్యిరా అని నేనే జెప్పిన. ఇన్నేండ్లు నా దగ్గర నేర్చుకున్నడు గద."

"అందుకే ఉస్తాద్," అన్నారెవరో. జనానికి ఏం చెప్పినా సరే! బావ నా భుజం తట్టాడు. బండి బయల్దేరింది, నిమ్మకాయలు నలిగాయి, ఒక్క కిర్రు కూడా వినిపించలేదు. ఇజ్జత్ దక్కింది, పిల్లవాడు దక్కాడు. నేను గెలిచినట్టు అక్క వైపు చూశాను. అక్క పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం బావ మా ఇంటికి వచ్చాడు, ఒక్కడే. కూరగాయల సంచి ఆయన చేతిలో ఉంది. "మీ అక్కకు మోకాళ్లు నొస్తున్నయట," అన్నాడు. తర్వాతి ఆదివారమూ అంతే. ఆ తర్వాతా అంతే. మా ఆవిడ ఫోన్ చేస్తే అక్క బాగానే మాట్లాడుతుంది, పిల్లలను అడుగుతుంది, నా ఊసు వస్తే పొయ్యి మీద ఏదో ఉందంటుంది. ఎవరినైతే ఈ జన్మకు భరించలేననుకున్నానో ఆ మనిషి ప్రతి వారం వచ్చి నా ఎదురుగా కూర్చుని రొట్టెలు తింటున్నాడు.

మొన్న తింటూ తింటూ తనలో తానే నవ్వుకున్నాడు. "మీ అక్క గమ్మతి మనిషి రా. పూజ ముందు నాడు పొద్దుగాలనే పోరని చెవుల ఏసిందట. భోకర్ దాటినంక ఆగి, బండి నిలవెట్టి, బాపు బోల్టులు ఇప్పి బిగించుకో, బాపుకు తెల్వనియ్యకు అని. పోరడు నాకు మొన్ననే జెప్పిండు. నువ్వు ఉత్తగనే మట్టిల పొర్లినవ్."

చేతిలో రొట్టె పళ్లెంలో పెట్టేశాను. పొద్దున్నే చెప్పిందట. నేను ఆ వంటింట్లోకి వెళ్లి, తల్లివేనా అని ఆ మాట అనకముందే.

"అక్క ఎందుకు వస్తలేదు బావా?"

"నేనైతే ఆపలే." రొట్టె తుంచుతూ నా మొహంలోకి చూశాడు. "మోకాళ్లయితే మంచిగనే ఉన్నయి. ఏమన్నవో నీకే తెలువాలె."

ఏమన్నానో చెప్పలేదు. చెబితే ఆయన కూడా పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిపోతాడు.