నాయనమ్మకు నేను నేర్పిన మూర్ఛ

నా తెలివితేటల మీద నాకు ఒకప్పుడు అపారమైన గౌరవం ఉండేది. ఆ గౌరవం అనకాపల్లిలో ఒక ఆసుపత్రి వరండాలో, పట్టపగలు, పాతిక మంది రోగుల ఎదుట ఎలా కుప్పకూలిందో చెప్తాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు ఒక నర్సు నవ్వాపుకోలేక చేతిలో ట్రే వదిలేసింది. అంతకంటే మీరేం చేస్తారు?

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. బెల్లం మార్కెట్లో దిమ్మల తూకం చూసే పని. మా నాయనమ్మ సన్యాసమ్మకి కాళ్లు వాచాయి. ఆయాసం కూడా మొదలైంది. నాలుగు మెట్లెక్కితే కొండెక్కినట్టు రొప్పేది. అమ్మా నాన్నా మునగపాకలో చెరకు కోతల్లో ఉండడంతో ఆమెను డాక్టరుకు చూపించే బాధ్యత నా మీద పడింది. ఇంటిల్లిపాది పేర్లూ ఉన్న ఆరోగ్యశ్రీ కార్డు మాకుంది. ఆ కార్డు తీసుకునే జనరల్ ఫిజీషియన్ ఒకరు దొరికితే చాలు.

ఫోన్లో కార్డు చెల్లే ఆసుపత్రుల జాబితా తీశాను. అందులో మా ఊరి ఆసుపత్రి పేరు ఎదురుగా ‘ఇంటర్నల్ మెడిసిన్’ అని ఉంది. కాలేజీలో ఇంటర్నల్ మార్కుల సంగతి ఎరిగినవాణ్ణి కదా, ఇంటర్నల్ అంటే ఆసుపత్రివాళ్లు వాళ్లలో వాళ్లు చేసుకునే వైద్యం కాబోలని ఒక్క క్షణంలో తేల్చేసి పక్కన పెట్టాను. ఆ తర్వాత నాయనమ్మను బండి మీద ఎక్కించుకుని సబ్బవరం వెళ్లాను. అక్కడ ఎముకల డాక్టరు ఆమె మోకాలు మెచ్చుకుని పంపించాడు. ఇంకోచోట కళ్లు చూసి అద్దాలు రాశారు. ఆయాసం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. చివరికి ఆ కళ్లాసుపత్రి కాంపౌండరే జాలిపడ్డాడు.

“ఇంటర్నల్ మెడిసిన్ అంటే జనరల్ ఫిజీషియనే బాబూ. మీ ఊళ్లోనే పెట్టుకుని ఊళ్లు తిరుగుతున్నావేటి?”

అక్కడితో బుద్ధి తెచ్చుకుని తిన్నగా వెళ్లుంటే ఈ కథే లేదు. నేను వెళ్లి మార్కెట్లో కాటా దగ్గరుండే అప్పారావు బావను సలహా అడిగాను.

“కార్డు మీద వూరికే సూడర్రా. మనిషి పడిపోవాల. పడిపోతే బెడ్డిత్తారు, బెడ్డిత్తే కార్డు పన్సేత్తాది” అన్నాడు బావ, తానే ఆ పథకం రాసినంత ధీమాగా.

ఆ సాయంత్రమే నాయనమ్మకు శిక్షణ మొదలైంది.

“నాను దగ్గితే నువ్వు పడిపోవాల.”

“ఏ పక్కకి పడాల్రా సత్తీ?”

“ఏ పక్కకైనా పర్వానేదు.”

“ఎడం పక్క నొప్పిరా. కుడి పక్కకి పడతాను.”

మర్నాడు వరండా కిటకిటలాడుతోంది. గది తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికి వచ్చింది. సన్నటి మనిషి, యాభై ఏళ్లుంటాయి. నేను దగ్గాను. నాయనమ్మ కొత్త కళ్లద్దాలు తీసి, మడిచి, నా జేబులో పెట్టింది. నేల తడిగా ఉందేమోనని చేత్తో తడిమి చూసింది. చీర కుచ్చెళ్లు సర్దుకుంది. అప్పుడు, పెళ్లింట్లో చాప మీద నడుం వాల్చినట్టు, కుడి పక్కకి మెల్లగా మూర్ఛపోయింది.

“అయ్యో, మా నాయనమ్మ!” అని నేను గావుకేక పెట్టాను.

డాక్టరమ్మ కంగారు పడలేదు. పక్కన కూర్చుని నాడి పట్టుకుంది. ఎంతో ఆప్యాయంగా, “మామ్మగారూ, నేల చల్లగా ఉందా?” అంది.

నాయనమ్మ కళ్లు మూసుకునే, “సుబ్బరంగా ఉందమ్మా” అంది.

ట్రే కింద పడింది అప్పుడే. కార్డుల బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, “కార్డు నాకు చూపిస్తే చీటీ రాసేదాన్ని కదండీ! పడిపోనక్కర్లేదు” అంది.

లోపల డాక్టరమ్మ నాయనమ్మ పాదం మీద వేలితో నొక్కింది, రెప్ప కిందకి లాగి చూసింది, వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. ఒంట్లో రక్తం బాగా తగ్గి గుండె అలసిపోతోందని, మందులతో తేరుకుంటుందని చెప్పింది. రక్త పరీక్ష రాసింది. నేను దండం పెట్టి లేవబోయాను.

“నువ్వు కూర్చో. పొద్దుట్నుంచి ఎన్ని సీసాల నీళ్లు తాగావు?”

“ఎండగా ఉందండి, నాలుగో ఐదో.”

“ఆ బెల్టుకి కొత్త కన్నం ఎవరు పెట్టారు?”

బిత్తరపోయి నడుం వైపు చూసుకున్నాను. “నేనేనండి. మేకుతో. ప్యాంటు జారిపోతోందని.”

ఆమె ముందుకు వంగింది. “నోరు తెరిచి ఊపిరి వదులు.”

“బెల్లం మార్కెట్లో పనండి. ఆ వాసనే.”

“బెల్లం వాసన నీ చొక్కాది. ఇది నీ ఊపిరిది.”

మా ఊళ్లో మనిషి మనిషికీ బెల్లం వాసనే. అంత తీపి వాసనలోంచి నా ఊపిరిలోని ముగ్గిన పండు వాసనను విడదీసి పట్టుకుంది ఆ తల్లి. వేలి మీద సూది గుచ్చి చూస్తే షుగరు మిషను అంకె కూడా చూపించలేదు, ‘హై’ అని ఊరుకుంది.

“ఇంకో రెండు రోజులు పోతే నువ్వు నిజంగా పడిపోయేవాడివి. ఎవరు దగ్గినా లేచేవాడివి కాదు. ఇప్పుడే చేరాలి” అందామె మెత్తగా.

నవ్వులాట మధ్యలో, తన ముందున్న పాతిక మందిలో, రోగినని నాకే తెలియని రోగిని ఆ మనిషి చూసింది. ఆ కళ్లను తలుచుకుంటే ఈ రోజుకీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, “నాను ఉత్తుత్తినే పడ్డానమ్మా, ఆడికేటీ కాకూడదు” అని ఏడ్చింది. ఆ ఏడుపులో నటన లేదు.

మూడో రోజు అప్పారావు బావ కొబ్బరిబొండాం పట్టుకుని వార్డుకొచ్చాడు. సెలైను సీసా కింద నేను పడుకున్నాను. పక్కన స్టూలు మీద కాళ్లాడిస్తూ నాయనమ్మ కూర్చుంది.

“సూసేవా! నా పిలాను పన్సేసిందా నేదా?”

“సేసింది బావా. బెడ్డిచ్చేరు, కార్డూ పన్సేసింది. మనిషే మారింది.”

కనుక మహాజనులారా, ఈ చేతికి రోజూ గుచ్చుకునే ఇన్సులిన్ సూది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ వృద్ధురాలికీ మూర్ఛ నేర్పను. ఒకవేళ ఎవరైనా తమంతట తాము పడిపోతే, నేను పక్కనుండి దగ్గను.