గీత ముందా, చుక్కలు ముందా

సైన్సు టీచరు గొంతు మధ్యాహ్నానికే బొంగురుపోతుంది. ఒకప్పుడు ఆమె పాఠం చెబుతుంటే వరండా చివరిదాకా వినిపించేది. ఇప్పుడు మొదటి బెంచీ దాటితే గొప్ప. అరవడం మానకపోతే ఉన్న గొంతూ పోతుందని డాక్టరు తేల్చేశాడు. బడిలో ల్యాబు సామాన్ల స్టోరు గది చూసుకునే పెద్దాయన రిటైరయ్యాడు. ఆ పని తీసుకుంటే జీతం తగ్గదని, గొంతుకు విశ్రాంతి దొరుకుతుందని హెడ్మాస్టరు దయగానే చెప్పాడు. సాయంత్రంలోగా ఏ సంగతో తేల్చమన్నాడు. ఇంట్లో భర్తదీ అదే పాట.

"బీకర్లు ఎదురు మాట్లాడవు. హాయిగా కూర్చో" అన్నాడాయన పొద్దున టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

ఆమెకూ ఒప్పుకోవాలనే ఉంది. ఈ ఒక్క క్లాసూ కానిచ్చి, వెళ్ళి సరేనందామనుకుంది.

ఆ రోజు పని ఐసును వేడిచేసి గ్రాఫు గీయడం. గుంపుకో బీకరు నిండా చితక్కొట్టిన ఐసు, అందులో థర్మామీటరు, కింద స్పిరిట్ దీపం. నిమిషానికోసారి అంకె చూసి పట్టికలో రాసుకోవాలి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా కాలం, నిలువుగా ఉష్ణోగ్రత. చుక్కలు పెట్టి, ఆ తర్వాతే గీత కలపాలి. ముందు చూడండి, తర్వాత గీయండి అని చెప్పీ చెప్పీ ఆమె నాలుక అరిగిపోయింది.

గంట కొట్టే ముందు కాగితాలు బల్ల మీదికి వచ్చాయి. అన్నీ ఒకే అచ్చు. కింది మూల నుంచి పై మూలకు స్కేలుతో కొట్టిన గీత, దాని మీద తీగ మీది పిచ్చుకల్లా బుద్ధిగా కూర్చున్న చుక్కలు. ఇది ఆ బడిలో పై తరగతివాళ్ళు కింది తరగతివాళ్ళకు నేర్పిపోయే విద్య. ముందు గీత గీస్తారు, దాని మీద చుక్కలు పెడతారు, చుక్కల్ని చూసి పట్టిక నింపుతారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఏటా ఆమె ఈ పనికి చీవాట్లు పెట్టేది. ఈసారి తిట్టడానికి కూడా ఓపిక లేదు. ఎర్ర పెన్ను తీసి వరసగా టిక్కులు కొట్టడం మొదలుపెట్టింది.

మూడో బెంచీ పిల్ల కాగితం దగ్గర చెయ్యి ఆగింది. క్లాసంతా ఆ పిల్లను ముంగి అంటారు. పిలిస్తే పలకడమే తప్ప తనంతట తాను నోరు విప్పదు. ఆ కాగితం రుద్ది రుద్ది పల్చబడింది. పైన అందరి గీతే ఉంది. దాని కింద సగం చెరిగిన చుక్కలు నేలబారుగా సాగి, ఎక్కడో దూరాన పైకి లేచాయి.

టీచరు ఆ పిల్లను దగ్గరికి పిలిచి అవేమిటని అడిగింది.

"తప్పు చుక్కలు టీచర్. చెరిపేశాను."

"తప్పని ఎవరన్నారమ్మా?"

వెనక నుంచి క్లాసు లీడరు అందుకున్నాడు. "వాళ్ళ థర్మామీటరుకు మొద్దునిద్ర టీచర్. సున్నా దగ్గర పడుకుని లేవనంది."

క్లాసు గొల్లుమంది. ముంగి తల వంచుకుంది. నవ్వులు అణిగాక, కాగితంతో చెబుతున్నట్టు మెల్లగా అంది.

"దీపం వెలుగుతూనే ఉంది టీచర్. ఐసు కరుగుతూనే ఉంది. అంకె మాత్రం కదల్లేదు. మరి ఆ వేడంతా ఎటు పోయింది?"

టీచరు ఎర్ర పెన్ను కింద పెట్టింది. ఈ ప్రశ్నకు జవాబు పరీక్షలో ఎందరో రాశారు. ప్రశ్న మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"ఎక్కడికీ పోలేదు తల్లీ. ఐసును కరిగించే పనిలో ఉంది. ఆ పనయ్యేదాకా అంకె లేవదు."

మాట పెదవుల దగ్గరే ఆగిపోయింది. వెనక బెంచీలవాళ్ళు వినపడలేదన్నారు. ముంగి క్లాసు వైపు తిరిగి, ఆ మాటే మళ్ళీ చెప్పింది. దానిదీ చిన్న గొంతే. వినడానికి అందరూ ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.

కాసేపటికి లీడరు తల గోక్కున్నాడు. "మాదీ అక్కడే ఆగింది టీచర్. పాడైపోయిందనుకున్నాం."

మాదీ అని ఇంకో బెంచీ, మాదీ అని మరో బెంచీ. అందరూ చూశారు. అందరూ దాచారు. టీచరు తాను కొట్టిన టిక్కులన్నీ కొట్టేసి కాగితాలు తిరిగిచ్చింది. రేపు మళ్ళీ చేద్దామంది, ఐసు నేనే తెస్తానంది. అన్నాక ఆ బరువు తలుచుకుంటే భుజం అప్పుడే లాగింది.

సాయంత్రం హెడ్మాస్టరు ఏమనుకున్నారని అడిగాడు. రేపు చెబుతానంది. ఆ పని ఇంకొకరు కూడా అడుగుతున్నారని, ఇక ఆపలేనని ఆయన చెప్పాడు.

"రేపు పిల్లలు మళ్ళీ గీయాలి సార్."

"సరే, ఆ తర్వాత?"

"నీళ్ళు మరిగే దగ్గర గీత ఇంకోసారి ఆగుతుంది సార్. అదీ చూడాలి కదా."

ఆయన నిట్టూర్చి, స్టోరు తాళంచెవి సొరుగులో పడేశాడు.

ఇంటికి చేరేసరికి మాట పూర్తిగా పడిపోయింది. ఏమైందని భర్త అడిగితే, చేత్తో ఫ్రిజ్ వైపు చూపించింది. ఆయన ఆమె ముఖం చూశాడు. ఐసు ట్రేలు తీసి, కుళాయి కింద ఒక్కొక్కటే నింపసాగాడు.