ఫెజ్ సందులో ఖాళీ గడప

ముందే చెప్తున్నాను, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది చదివి 'ఈవిడకేదో పట్టింది' అనుకునేవాళ్లు నిక్షేపంగా అనుకోవచ్చు.

నేనుండేది మిచిగన్‌లో, నోవైలో. కార్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెలవు దొరికితే కెమెరానే. పోయిన స్ప్రింగ్ బ్రేక్‌కి మొరాకో వెళ్లి, ఫెజ్ పాతబస్తీ సందులన్నీ ఫొటోలు తీశాను.

నాకు మనుషుల్లేని సందులు కావాలి. అక్కడేమో మనిషి లేని నిమిషం ఉండదు. అందుకని కెమెరాని ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టి ఇరవై ఫొటోలు తీస్తాను. కంప్యూటర్‌లో వాటిని కలిపితే నడిచిపోయేవాళ్లంతా మాయమై సందు ఖాళీగా మిగులుతుంది. కూర్చున్నవాళ్లు మాత్రం పోరు, అన్ని ఫొటోల్లోనూ ఒకేచోట ఉంటారు కాబట్టి.

ఒక నీలం తలుపు ముందు, గడప మీద ఒక ముసలావిడ కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. చిన్నప్పుడు గడప మీద కూర్చుంటే మా అమ్మ తిట్టి లేపేది. ఆ అలవాటో ఏమో, ఆవిడ్ని లేవమని సైగ చేయడానికి నాకేం మొహమాటం అనిపించలేదు. ఆవిడ పళ్లెం తీసుకుని, నావైపు ఒక చూపు చూసి, లోపలికెళ్లి తలుపేసుకుంది. అప్పుడు మొదలుపెట్టాను. ఇరవై ఫొటోలూ అయ్యేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు.

ఇంటికొచ్చి కలిపాను. సందు ఖాళీ. గడప మీద మాత్రం ఆవిడ ఉంది, ఒళ్లో పళ్లెంతో.

ఇరవై ఫొటోలూ ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాను. ఒక్కదాంట్లోనూ లేదు. వేరే ల్యాప్‌టాప్‌లో, వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిపాను. మళ్లీ ఉంది. భయమేసింది, దాచను.

మా ఫొటోగ్రఫీ క్లబ్ ఎగ్జిబిషన్‌లో, ఇన్నేళ్లకి మొదటిసారి, ఒక గోడంతా నాకిచ్చారు, ఈ ఒక్క ఫొటో పెద్దది చేసి పెట్టడానికి. రూల్ ప్రకారం ఆ ఇరవై ఒరిజినల్స్ కూడా పంపాను. వాటిలో లేని మనిషి ఇందులోకి ఎలా వచ్చిందన్నారు. నేనే అతికించానట. ఆవిడ్ని తీసేయాలి, లేదంటే గోడ వదులుకోవాలి.

"ఎరేస్ చేసేయ్, రెండు నిమిషాల పని. ఎవరో తెలీని ఆవిడ కోసం గోడ పోగొట్టుకుంటావా?" అన్నాడు మా ఆయన.

శనివారం పొద్దున మౌస్ పట్టుకుని కూర్చున్నాను కూడా. ఆ రోజు గడప మీంచి లేచేటప్పుడు ఆవిడ ఎలా చూసిందో, ఫొటోలోనూ అలాగే చూస్తోంది. సిగ్గేసింది. మౌస్ వదిలేశాను.

గోడ పోయింది. ఆ రోజు ఏడ్చాను. ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. అడిగినవాళ్లకి జరిగింది జరిగినట్టు చెప్తాను, నవ్వేవాళ్లు నవ్వుకుంటారు. ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. దెయ్యమని మాత్రం చచ్చినా అనను. ఆవిడ ఇల్లు, ఆవిడ గడప. ఒకసారి లేపాను. రెండోసారి లేపను.